మూసాపేట నాలా వెంబడి

హైదరాబాదు నగరమునకు వాయవ్యదిక్కున, ఎఱ్ఱగడ్డకును కూకట్‌పల్లికిని నడుమ, బొంబాయి పోవు పాత రాజమార్గము మీద మూసాపేట యున్నది. పేరు వినినంతనే మూసీనది యిచ్చటనే పాఱుచుండునని క్రొత్తవారు తలంతురు. మూసీ యిచ్చటికి చాల దూరము. అయినను ఇచ్చటి యిండ్లలో వాడి పాఱబోసిన నీరు తుదకు మూసీనే చేరుచున్నది గనుక ఆ తలంపు పూర్తిగా తప్పును గాదు. ఈ వ్యాసమున మేము వ్రాయబూనినది ఆ నీటి ప్రయాణమును గూర్చియే. కాశీరామేశ్వరముల యాత్రలను గూర్చి సోదరీమణులు పెక్కు చదివియుందురు. మురుగుకాలువ వెంబడి యాత్ర యేమి చోద్యమని ముక్కున వ్రేలువేసికొనక కొంతదూరము మాతో రావలెనని ప్రార్థన.

మాతో వచ్చినవారిద్దఱు: పొరుగింటి మిత్రురాలొకరు, మా అక్కగారి కుమార్తె యొకతె. ఈ యమ్మాయి నీటిశుద్ధికి సంబంధించిన ఇంజనీరింగు చదివి, పరిశోధన చేయుచున్నది. ఆమె చేతిసంచిలో గాజుబిరడాలుగల సీసాలు రెండును, చిన్న మందుబుడ్లు కొన్నియు నుండెను. ఫలహారపు పొట్లము మోయవలసిన పిల్ల సీసాలు మోయుచున్నదని మా మిత్రురాలు పరిహాసమాడుచునే యుండిరి.

2017లో నడువనారంభించిన మెట్రో రైలు మూసాపేటలో నేలకు చాల ఎత్తున ఆగును. అచ్చట నిలిచి చూచినచో ఊరి స్వభావము కొంత తెలియును. ఒకవంక సనత్‌నగరు, బాలానగరుల కర్మాగారముల రేకుల కప్పులు. ఒకవంక ఒకదాని నొకటి యొరసికొనుచు లేచిన మేడలు, వాని మీద నల్లని నీటితొట్లు. నైరుతిగా దూరమున మాదాపూరు వైపు అద్దముల సౌధములు. ఆ దిక్కున 1998లో సైబరు టవర్సు వెలసిన పిదప, కంప్యూటరు కొలువులకు వచ్చినవారు అద్దెలు తక్కువగా దొరకు ఈ ప్రక్కకు చేరిరి. 2007లో ఈ ప్రాంతమంతయు మహానగర పాలక సంస్థలో కలిసినది. 2022లో కైత్లాపూరు వంతెన తెఱచిన పిదప హైటెక్ సిటీ మఱింత దగ్గరయైనది. జనము పెరుగుట కన్నులకు కనబడుచున్నది. వారి యిండ్లనుండి వెలువడు నీరెచ్చటికి పోవుచున్నదో మాత్రము ఏ మేడమీదనుండి చూచినను కనబడదు.

పూర్వమిది చెఱువుల నాడు. కాముని చెఱువు, మైసమ్మ చెఱువు అను పేళ్లు ఈ ప్రాంతమున నేటికిని వినబడుచున్నవి. ఈ భూమి రాతినేల. పెద్ద యేఱులు లేవు. అందుచే పూర్వులు పల్లము చూచి కట్టలు వేసి, మీది చెఱువు నిండి అలుగు పాఱినచో ఆ నీరు క్రింది చెఱువునకు చేరునట్లు గొలుసుగా అమర్చిరి. ఆ అలుగునీటి కాలువలలో నొకటియే నేటి కూకట్‌పల్లి నాలా. కూకట్‌పల్లి వైపునుండి వచ్చి, మూసాపేట ప్రక్కగా పోయి, బాలానగరు, ఫతేనగరు, బేగంపేటల మీదుగా హుస్సేను సాగరమున కలియుచున్నది. వానకాలమున మాత్రమే నీరుండవలసిన కాలువలో నేడు పండ్రెండు నెలలును నీరున్నది. అది వాననీరు కాదు.

నాలా గట్టునకు దిగు సందులో ఒక వృద్ధురాలు గుమ్మమున కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. మమ్ము చూచి, కొలతలు కొలువ వచ్చిన ప్రభుత్వోద్యోగులమని తలచి మొదట ముభావముగా నుండెను. సంగతి తెలిసిన పిదప పీటలు వేయించెను.

“నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడు బాయినీళ్లే తాగినం బిడ్డా. గా ముందటి ఇంటి పెరట్ల ఉండె బాయి. ఎండకాలం గూడ ఎండకపోతుండె. ఇప్పుడు దాంట్ల మన్నువోసి గది కట్టిండ్రు. వానలు గట్టిగ వడ్డనాడు నాలా నీళ్లు ఈ కడప దాకొస్తయి. బియ్యం డబ్బలు మంచాల మీదికెక్కిస్తం,” అని ఆమె చెప్పెను.

మఱి త్రాగుటకు నీరో యని యడిగితిమి. నల్లా చూపెను. ఆ నల్లాకు నీరెచ్చటనుండి వచ్చుచున్నదో ఆలోచించినచో ఆశ్చర్యము కలుగును. ఈ నగరమునకు 1965లో మంజీర నీరు వచ్చినది. 2004లో కృష్ణ వచ్చినది. 2015లో ఎల్లంపల్లి వద్దనుండి 180 కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములలో ఎత్తిపోయబడి గోదావరి వచ్చినది. గుమ్మము ముందరి బావినీరు పాడగుటచే గోదావరీదేవి అంతదూరము ఎగువకు ఎక్కి రావలసివచ్చినది. వచ్చిన గోదావరి ఒక పూట మన వంటయింట నుండి, మఱుపూటకు ఈ నాలాలో పడుచున్నది.

మా అమ్మాయి త్రాడుగట్టిన చిన్న బకెట్టుతో నాలానీరు చేది, ఒక సీసాలో గాలిబుడగ లేకుండ నింపినది. రెండవ సీసాను ఆ యింటి నల్లానీటితో నింపినది. పిదప రెండింటను రెండు మందుబుడ్లనుండి కొన్నికొన్ని చుక్కలు వేసి, బిరడాలు బిగించి తలక్రిందులు చేసెను. నల్లానీటి సీసాలో గోధుమవన్నె తరక యేర్పడి, మంచి కాఫీడికాషనువలె క్రిందికి దిగసాగెను. నాలానీటి సీసాలో సున్నపు తేటవంటి తెల్లని తరక మాత్రమే కనబడెను.

“తెల్లనిది మంచిదేనా అమ్మాయీ?” అని వృద్ధురాలు అడిగెను.

“కాదు అవ్వా. నీళ్లలో ప్రాణవాయువు ఉంటేనే అది గోధుమరంగు తిరుగుతుంది. ఇందులో బొత్తిగా లేదు,” అని మా అమ్మాయి చెప్పెను.

ఈ పరీక్షను 1888లో హంగేరీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు విన్క్లరు కనిపెట్టెను. మాంగనీసు లవణము, క్షారముతో గూడిన అయొడైడు అను రెండు మందులే దీనికి ముఖ్యము. నేడు గుండీ నొక్కిన అంకె చూపు యంత్రములు వచ్చినను, కంటికి కనబడు సాక్ష్యము గనుక మాకిదియే నచ్చినది. ఆ వీథిలోని పిల్లలందఱు మూగి, ఆ రెండు సీసాలను ఎండకు పట్టి చూచుచుండిరి.

నీటిలోను ప్రాణవాయువు కరిగియుండును. మన దేశపు ఎండలకు లీటరునందు సుమారు 8 మిల్లీగ్రాములకు మించి కరుగదు. చేపలు బ్రదుకుటకు 4 అయినను ఉండవలెనని ప్రమాణము. మురుగు వచ్చి కలిసినపుడు అందలి మలినమును తినుటకు సూక్ష్మజీవులు కోట్లకొలది పుట్టి, ఆ ప్రాణవాయువునంతయు పీల్చివేయును. ఎంత పీల్చునో చెప్పు లెక్కయే బి.ఓ.డి. అని శాస్త్రజ్ఞులు వాడు మాట. ఇండ్లలోని మురుగునకు ఈ లెక్క సామాన్యముగా లీటరునకు 200 మిల్లీగ్రాముల ప్రాంతమున నుండును. అనగా ఒక బిందెడు మురుగు ఇరువదియైదు బిందెల మంచినీటిలోని ప్రాణవాయువును మ్రింగివేయగలదన్నమాట. మా మిత్రురాలు దీనికి నమ్మక, “అంతటి విషము మన యింట ఏమి కలదు?” అనిరి. విషమే కానక్కఱలేదు, పాలు చాలును. పాలకు ఈ లెక్క లీటరునకు దాదాపు లక్ష మిల్లీగ్రాములు. విరిగిన పాలు ఒక లీటరు తూములో పోసినచో పండ్రెండువేల లీటర్ల నీటిలోని ప్రాణవాయువునకు చేటు. బిడ్డకు ప్రాణమైనది చేపకు ప్రాణాంతకమగుచున్నది. వేచిన నూనె సంగతి వేఱు. అది గొట్టములో గడ్డకట్టి దారి మూసివేయును, అంతట మురుగు మ్యాన్‌హోలు మీదుగా వీథికెక్కును. బట్టల సబ్బుపొడులలోని ఫాస్ఫేటులు గుఱ్ఱపుడెక్కకు ఎరువగును. నాలా వాసనకు ముక్కు మూసికొనువారిలో ఎందఱి వంటయింటి తూము అందులో లేదో చెప్పుట కష్టము.

అయినను నెపమంతయు గృహిణులపై వేయుట న్యాయము గాదు. బాలానగరు, సనత్‌నగరు, జీడిమెట్లల కర్మాగారముల నీరును చిరకాలము ఈ నాలాలోనికే వచ్చినది. ఈ చుట్టుప్రక్కల మందుల పరిశ్రమకు బీజమువేసినది 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ సంస్థ. సోవియటు దేశపు సాయముతో బాలానగరున వారు కట్టిన మందుల కర్మాగారమున పని నేర్చినవారు పిదప స్వంత కర్మాగారములను స్థాపించిరి. ఆ సంస్థ పని నిలిచి చాలకాలమైనను, దాని సంతతి నగరము నలుదిక్కుల వ్యాపించినది. జీడిమెట్లలో 1989 నుండియు కర్మాగారముల కొఱకు ఉమ్మడి శుద్ధికేంద్రము నడుచుచున్నది.

మూసాపేటనుండి ఆటోలో ఫతేనగరు చేరితిమి. ప్రహరీకి అవతల ఎత్తయిన కాంక్రీటు గోడలు కనబడినవి. 2021లో హైదరాబాదు జలమండలి లెక్క ప్రకారము మహానగర పాలక సంస్థ పరిధిలో దినమునకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగు పుట్టుచుండగా, శుద్ధియగుచున్నది 77 కోట్ల 20 లక్షల లీటర్లు మాత్రమే, సగమునకును తక్కువ. అందుచే ఆ సంవత్సరము 31 క్రొత్త కేంద్రములను కట్ట నిశ్చయించిరి. వానిలో దినమునకు 13 కోట్ల 30 లక్షల లీటర్ల పెద్ద కేంద్రము ఈ నాలా కొఱకు ఫతేనగరునకు వచ్చినది.

ఇట్టి కేంద్రమున మురుగెట్లు తేటపడునో మేము చదివి తెలిసికొన్నప్పటికంటె, మా అమ్మాయి చెప్పిన విధమున చక్కగా బోధపడినది. పెరుగు తోడువేయుటయే దీనికి పోలిక. పెద్దతొట్టిలోనికి మురుగు నింపుదురు. అడుగునుండి బుడగలుగా గాలి ఊదుదురు. అందున్న సూక్ష్మజీవులు ఆ గాలితో బలపడి మలినమును తినును. కొన్ని గంటలకు గాలి ఆపినచో అవి బురదగా అడుగునకు దిగును. పైన తేటనీరు నిలుచును. తేటను పైనుండి తీసివేసి, బురదలో కొంత తొట్టిలోనే యుంచి, మరల మురుగు నింపుదురు. ఆ మిగిల్చిన బురదయే తోడు. నేటి పెరుగులో కొంచెము రేపటికి దాచు ఇల్లాలికి ఇందు తెలియరానిది లేదు. ఇట్లు శుద్ధియైన నీటి బి.ఓ.డి. 200 ప్రాంతమున నున్నది 10కి లోపడును.

ఈ రహస్యమును లోకమునకు తెలిపినది 1914లో ఇంగ్లాండు దేశపు మాంచెస్టరునందు ఆర్డెను, లాకెట్టు అను ఇరువురు. వారు సీసాలలో మురుగు పోసి గాలి ఊదగా తేటపడుటకు మొదటిసారి వారములు పట్టెను. తేటనే పాఱబోసి, బురద నుంచుకొని, మరల మరల నింపగా కొన్నాళ్లకు ఒక దినములోనే పని ముగియజొచ్చెను. అంతకుముందెల్లరు బురదను కూడ పాఱబోయుచుండిరి! వారికి ఈ త్రోవ చూపిన గిల్బర్టు ఫౌలరు తరువాత బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థలో ఆచార్యుడుగా పనిచేసెను. కనుక ఈ విద్య మన దేశమునకు క్రొత్త కాదు. కట్టుటయే ఆలస్యమైనది.

కాని సూక్ష్మజీవులకు లొంగనివియు కలవు. ఈ మూసాపేట దారినే పడమరగా పోయినచో పటాన్‌చెరు వచ్చును. అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రమునకు ఆ దినములలో తొంబదికి దగ్గరగా మందుల కర్మాగారములు తమ నీటిని పంపుచుండెను. స్వీడను దేశపు పరిశోధకుడగు జోకిం లార్సను, తన సహచరులతో గూడి, శుద్ధిచేసి వదలిన ఆ నీటినే పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించెను. జ్వరములకును మూత్రవ్యాధులకును వైద్యులు వ్రాయు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు అందులో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నుండెను. కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలిన దానికి ఇది వేయిరెట్లకు మించినది. దినమునకు కొట్టుకొనిపోవుచున్న మందు 45 కిలోగ్రాములని అంచనా. స్వీడను దేశస్థులందఱు ఐదు దినములలో మ్రింగునంత!

పాఱబోయబడిన మందే కదా, పోనిమ్మని మా మిత్రురాలు అనిరి. పోవునది మందు మాత్రమే అయినచో చింతలేదు. అట్టి నీటిలో పెరుగు సూక్ష్మజీవులలో మందునకు లొంగునవి చచ్చి, లొంగనివి మిగులును. ఆ లొంగని గుణమును అవి ప్రక్కవానికిని ఇయ్యగలవు. అట్టిది మన బిడ్డకు సోకిననాడు వైద్యుడు వ్రాసిన మాత్ర పనిచేయదు. బాలింతలకును పసికందులకును వచ్చు జ్వరములలో ఇది ఎంతటి ఆపదయో చెప్పనక్కఱలేదు. ఆ పరిశోధన ప్రకటింపబడిన పిదప లోకమంతట చర్చ జరిగినది. నీటిని బొట్టయినను వెలుపలికి వదలక లోపలనే మఱిగించి తిరిగి వాడుకొనవలెనను పద్ధతి పెద్ద కర్మాగారములలో వచ్చినది. స్విట్జర్లండులో 2016 నుండి పెద్ద శుద్ధికేంద్రములలో ఓజోను వాయువుతోనో, కొలిమిబొగ్గువంటి శుద్ధాంగారముతోనో మందుల జాడలను తొలగించు నాలుగవ మెట్టును చేర్చుచున్నారు. అది వ్యయముతో కూడిన పని. మన యిండ్లలో గడువుతీరిన మాత్రలను తూములో వేయకుండుటకు మాత్రము వ్యయమేమియు లేదు. మా యింట వానిని వేఱొక పొట్లముగా కట్టి చెత్తబండివారికి చెప్పి యిచ్చుచున్నాము.

ఫతేనగరు దాటి నాలా బేగంపేట చేరును. 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు దొరగారు దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొన్నది ఈ బేగంపేటలోనే. దోమలకు మాత్రము ఆయన చేసిన అపకారము తెలిసినట్లు లేదు. సాయంకాలమగుసరికి నాలా మీదనుండి గుంపులుగా వచ్చి మమ్ము చుట్టుముట్టినవి.

హుస్సేను సాగరమును 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున హుస్సేను షావలీగారు కట్టించిరి. 1930 ప్రాంతము వఱకు నగరమునకు త్రాగునీరిచ్చిన చెఱువిది. నేడు కట్టమీద గాలికి వచ్చినవారు గాలి తిరిగినపుడు లేచిపోవుచున్నారు. నాలా మురుగు సాగరమున పడకుండ కూకట్‌పల్లి, సనత్‌నగరుల నుండి పెద్దగొట్టమును వేసి, దానిని ప్రక్కగా మళ్లించి, అంబరుపేటలోని శుద్ధికేంద్రమునకు చేర్చిరి. అది దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లది. గట్టివాన కురిసినపుడు గొట్టము పట్టక, మిగిలినది మరల సాగరమునకే వచ్చును. ఉన్న మురుగును మళ్లించుట వేఱు, శుద్ధిచేయుట వేఱు. కొన్నేండ్లు మొదటిదానినే రెండవదిగా భావించి సంతోషించిరని మా అభిప్రాయము.

అంబరుపేట వద్ద, తేటపడినదియు పడనిదియు కలిసి, మూసాపేట నీరు మూసీ చేరును. నగరము దాటగానే నదికి ఇరుప్రక్కల నిలువెత్తు పచ్చగడ్డి కనబడును. దానిని పారాగడ్డి యందురు. మురుగునీటితో పండును, ఏడాది పొడవునను కోతకు వచ్చును. స్త్రీలు మోకాలిలోతు నీటిలో నిలిచి దానిని కోసి, మోపులు కట్టి బండ్లకెత్తుచుండిరి. ఒకామె పాదములకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకొని యుండెను, దురద పెట్టకుండనట. ఆ మోపులు నగరములోని పాడిగేదెల కొట్టములకు పోవును. ఆ పాలు ఏ యింటికి పోవునో అడుగుటకు మా మిత్రురాలికి నోరాడలేదు.

ఇంకను దిగువకు పోయినచో నదికి అడ్డముగా పాతకాలపు చిన్న ఆనకట్టలు వరుసగా వచ్చును. వానిని ఆ ప్రాంతమువారు కత్వలందురు. ఒకప్పుడు కాలువలకు నీరు మళ్లించుటకు కట్టినవి. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థకు చెందిన పరిశోధకులు నగరమునకు దిగువ 40 కిలోమీటర్ల పొడవున మూసీనీటిని ఏడాదిపాటు పరీక్షించి 2010లో ప్రకటించిన సంగతి మిక్కిలి విచిత్రమైనది. కత్వ వెనుక నీరు నిలిచి బురద దిగును. కత్వ మీదినుండి దుముకునపుడు గాలి కలియును. అనగా ఫతేనగరు తొట్టిలో యంత్రములు చేయు పనిని ఈ రాతికట్టలు ఎవరును అడుగకయే చేయుచున్నవి. కడుపులో నులిపురుగులు పెంచు గ్రుడ్లు ఆ దూరములో దాదాపుగా మాయమైనవి, బి.ఓ.డి. చాలవఱకు తగ్గినది. ఉప్పు మాత్రము తగ్గకపోగా దిగువకు పోయినకొలది పెరిగినది. అచ్చట వరి నాటు స్త్రీ యొకతె గట్టుమీద మాకు తన మడి చూపినది. పైరు ముదురాకుపచ్చగా నుండెను. నీరు నిలిచి ఆరినచోట నేలపై తెల్లగా ఉప్పు పూచియుండెను.